చివర మాట్లాడవలసిన మనిషి

మా మునిసిపాలిటీకి రాష్ట్రం పంపిన మనిషికి అడిగినదానికి జవాబు చెప్పడం రాదు. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలిసిపోయింది. బస్సు దిగి, గొడుగు దులుపుకుని, ఆఫీసులోకి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. కాస్త బట్టతల, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు, భుజాన బరువైన సంచీ. పెద్దమనిషి కదా అని, "టీ తాగుతారా సార్, కాఫీ తెప్పించమంటారా?" అని అడిగాను. ఆయన నావైపు ఎంతో ఆసక్తిగా చూసి, "మీరేమంటారు?" అన్నాడు. నేను రెండూ తెప్పించలేదు.

ఆయనది స్థానిక సంస్థల సహాయ విభాగం. మాలాంటి చిన్న ఊళ్లు తమ కాళ్ల మీద తాము నిలబడేలా చూడటానికి రాష్ట్రం పెట్టిన శాఖ అది. అంతకుముందు రాష్ట్రం మాకు సాయం చేయలేదని అనను. పైనుంచి ఉత్తర్వు వచ్చేది, అది మాకు పనికొచ్చినా రాకపోయినా అమలు చేసేవాళ్లం. ఒకసారి మా ఊళ్లో లేని వంతెనకు రంగులు వేయించమని ఉత్తర్వు వస్తే, వేయించేశామని జవాబు రాశాం. మెచ్చుకుంటూ తిరిగి జవాబు వచ్చింది. ఈ కొత్త విభాగం అలాంటిది కాదట. ఉత్తర్వులు ఇవ్వదట. ఊరి కౌన్సిలు తన నిర్ణయం తాను తీసుకునేదాకా చేయి పట్టుకుని నడిపించి, ఆ తర్వాత మెల్లగా చేయి వదిలేస్తుందట.

ఆ కౌన్సిలు సమావేశాల్లో ఎవరేమన్నారో రాసుకునే గుమస్తాను నేను. చైర్మన్ మా వదిన, అంటే మా అన్నయ్య భార్య. నా ఉద్యోగం ఆవిడ గెలవడానికి చాలా ముందుది, ఎవరైనా ఇంకోలా అనుకుంటే వాళ్ల ఖర్మ. వదిన బజారులో మందుల షాపు నడిపేది. ఎవరికి ఏ మాత్ర పడదో, ఎవరింట్లో ఎవరికి నిద్ర పట్టదో ఆవిడకు తెలుసు. ఎన్నికల్లో ఆవిడ మీద పోటీ చేసి ఓడిపోయినాయన కూడా, తన ఓటు ఆవిడకే వేశానని షాపులో దగ్గుమందు కొనుక్కుంటూ చెప్పాడు.

ఆ రాష్ట్రం మనిషి మొదటి సమావేశంలోనే వదినకు చిరాకు తెప్పించాడు. డ్రైనేజీ బాగుచేయించాలా, వీధి లైట్లు వేయించాలా అన్నది ఆ రోజు విషయం. అందరూ వదిన వైపు చూశారు, వదిన ఆయన వైపు చూసింది.

"మీరు చెప్పండి సార్. ఇలాంటివి బోలెడు చూసుంటారు కదా."

"మీరేమంటారు?" అన్నాడు ఆయన.

"డ్రైనేజీ అంటాను."

"డ్రైనేజీయే," అన్నాడు వైస్ చైర్మన్ వకీలు. "డ్రైనేజీయే," అన్నారు మిగతావాళ్లు. బల్ల చుట్టూ తలకాయలు ఊగాయి. నేను రాసేసుకున్నాను. రాష్ట్రం మనిషి కళ్లజోడు తీసి తుడుచుకుని, ఒక చిన్న మార్పు చేద్దామా అని అడిగాడు. ఇకనుంచి ఎవరు కౌన్సిలుకు కొత్తగా వచ్చారో వాళ్లు ముందు మాట్లాడాలి. తర్వాత వాళ్లకంటే పాతవాళ్లు. అందరికన్నా చివర చైర్మన్. చైర్మన్ నోరు విప్పాక ఇంకెవరూ ఆలోచించరు కాబట్టి, ఆవిడ నోరు చివరిదాకా మూసుకుని ఉండటమే ఊరికి మంచిదన్నాడు. ఇంతమందిలో వదినను నోరు మూసుకోమన్న మొదటి మనిషి ఆయనే. ఆవిడ మొహం చూసి నాకు నవ్వు ఆగలేదు.

కౌన్సిలుకు కొత్తగా వచ్చింది టైలరమ్మ. గుట్ట కింద వీధిలో ఉంటుంది. మెడలో టేపు తీయడం మర్చిపోయి సమావేశానికి వచ్చేస్తుంది, బల్ల చివర కూర్చుంటుంది, సంతకం పెట్టమన్నచోట పెడుతుంది. ఆ డ్రైనేజీ, లైట్ల మాటే మళ్లీ తెచ్చి ఆవిడను ముందు మాట్లాడమంటే ఎంతసేపటికీ మాట రాలేదు. వకీలు గోడ గడియారం చూశాడు. రాష్ట్రం మనిషి మాత్రం చెట్టు నీడన కూర్చున్నంత తీరుబడిగా కూర్చున్నాడు. చివరికి ఆవిడ, "లైట్లండి," అంది. "పిల్లలు ట్యూషన్ నుంచి చీకట్లో వస్తున్నారు. మా వీధిలో ఒక్క లైటూ లేదు." ఆ తర్వాత మాట్లాడినవాళ్లంతా, వాళ్ల వాళ్ల వీధుల్లో చీకటి గుర్తొచ్చి, లైట్లే అన్నారు. వదిన వంతు వచ్చేసరికి ఆవిడా లైట్లే అంది.

ఇంటికి నడుస్తూ, "ఆ మనిషి తిక్కలోడు కాదే ఆడపడుచూ," అంది వదిన. "తిక్కలోళ్లం మనమే."

ఆ సాయంత్రం ఈ కథంతా విని మా అన్నయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. మా అన్నయ్యకు గుట్ట కింద వీధి చివర సైకిల్ రిపేరు షాపు. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది అతనే. ఎగతాళి లేకుండా ఒక్క మాట మాట్లాడడం అతనికి చేతకాదు. ఇంట్లో భార్యను చైర్మన్ గారూ అనే పిలుస్తాడు. ఆ రోజు నుంచి కొత్త వేషం మొదలుపెట్టాడు. ఉప్పు సరిపోయిందా అని వదిన అడిగితే, లేని కళ్లజోడు తీసి తుడుచుకుని, "మీరేమంటారు?" అనేవాడు. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ కాబట్టి ఆ నవ్వులు నాకూ వినిపించేవి. చూస్తుండగానే ఊరంతా రాష్ట్రం మనిషిని "మీరేమంటారు గారు" అని పిలవసాగింది. ఆయనకు తెలిసింది. కోపం రాలేదు. మళ్లీ వచ్చినప్పుడు నేను టీ తెప్పించి ఇచ్చాను.

నెలకోసారి వచ్చేవాడు. బిల్లులు ఎలా పరిశీలించాలో, కాంట్రాక్టరు పనిని ఎలా కొలిపించాలో, జనం ముందు లెక్క ఎలా చదవాలో నేర్పాడు. అన్నీ అడిగి అడిగి నేర్పాడు, చెప్పి కాదు. ఆయన రానప్పుడు కూడా మా కౌన్సిలు టైలరమ్మతో మొదలై వదినతో ముగియడం అలవాటు చేసుకుంది.

ఆ తర్వాత గుట్ట సంగతి వచ్చింది. గుట్టను ఒక పక్క రాయి కోసం ఎప్పుడో తొలిచి వదిలేశారు. ఆ తొలిచిన పక్కనే వీధి పుట్టింది. సహాయ విభాగం ఒక ఇంజనీరును పంపి గుట్ట పైనున్న పగుళ్లు చూపించింది. వాన కొలిచే గొట్టం ఒకటి మా ఆఫీసు డాబా మీద బిగించి, దాని మీద ఎర్ర గీత గీయించింది. సైరను ఇచ్చింది. హైస్కూలు తాళాలు ఒక జత మాకు ఇప్పించింది.

"నీళ్లు గీత దాటితే గుట్ట జారుతుందని కాదు, జారవచ్చని," అన్నాడు ఆయన. "అప్పుడు కౌన్సిలు కూర్చుని వీధిని ఖాళీ చేయించాలో వద్దో తేల్చాలి. చట్టం ఆ అధికారం మీకిచ్చింది, మాకు కాదు."

"ఒకవేళ మేం తప్పు చేస్తే?" అంది వదిన.

దానికి మాత్రం ఆయన మీరేమంటారు అనలేదు. "అందరినీ వరసలో అడగండి," అన్నాడు.

మొదటిసారి నీళ్లు ఎర్ర గీత దాటిన రోజు మేం వరసలో అడిగాం. ఖాళీ చేయిద్దామనే అన్నారందరూ. సైరను మోగింది. ముసలివాళ్లనూ, పసివాళ్లనూ, పక్షవాతం వచ్చిన ఒకాయన్ను మంచంతో సహా హైస్కూలుకు చేర్చాం. అన్నయ్య షాపుకు తాళం వేసి, అందరికన్నా చివర, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్లికి వచ్చినవాడిలా వచ్చాడు. వాన ఆగింది. గుట్ట కదల్లేదు. మర్నాడు పొద్దున్నే వీధి వీధంతా నడుములు పట్టుకుని ఇళ్లకు వెళ్లిపోయింది.

ఇక చూడండి ఎగతాళి. మందుల షాపుకు వచ్చిన ప్రతివాడూ ఒక ముక్క అనకుండా కదిలేవాడు కాదు. వాళ్లందరికీ గురువు మా అన్నయ్యే. "గుట్ట బయల్దేరిందా చైర్మన్ గారూ? బస్సు తప్పిందా?" అనేవాడు వదిన కనిపించినప్పుడల్లా. వదిన పైకి నవ్వేది. ఆవిడ లోపల నవ్వడం లేదని నాకు తెలుసు. ఒకరోజు షాపు కౌంటరు వెనక కూర్చుని, "నవ్వులపాలయ్యానే," అంది నాతో. "మంచానపడ్డ మనిషిని వానలో మోయించానట. నిలబెట్టి మరీ అడుగుతున్నారు."

"మా అన్నయ్య నోరు మూయించు ముందు," అన్నాను.

"ఆయన మాట కాదే. ఆయన అనకపోతే నాకు తోచదు. మిగతావాళ్లు."

రెండోసారి వాన పొద్దున్నే అందుకుంది. నేను డాబా ఎక్కి చూసేసరికి గొట్టంలో నీళ్లు ఎర్ర గీతను తాకుతున్నాయి. కౌన్సిలర్లందరికీ కబురు పెట్టాం. మీరేమంటారు గారు బయల్దేరాడు కానీ దారిలో రోడ్డు మునిగి బస్సు ఆగిపోయింది. ఆయనకు ఫోను చేసి, స్పీకరులో పెట్టి బల్ల మధ్య ఉంచాను. ఒక్కొక్కరూ తడిసి ముద్దై వచ్చారు. వదిన అందరికన్నా ముందే తడిసి వచ్చింది, కొంగు పిండుకుంటూ నిలబడింది.

అప్పుడు అన్నయ్య వచ్చాడు. వదిన మర్చిపోయిన గొడుగు తెచ్చాడు. గుమ్మంలో నిలబడి గొడుగు అందిస్తూ, "చైర్మన్ గారూ, ఈసారి స్కూలు బెంచీల మీద దుప్పట్లు వేయించండి. పోయినసారి పట్టిన నడుము ఇంకా వదల్లేదు," అన్నాడు. గది గదంతా గొల్లుమంది. వకీలు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. అన్నయ్య నావైపు తిరిగి, "బుల్లీ, ఈ మాట కూడా రాసుకో," అని చెప్పి వెళ్లిపోయాడు. వానలో తల మీద గోనె సంచీ కప్పుకుని మెట్లు దిగుతున్న అన్నయ్యను కిటికీలోంచి చూశాను.

వదిన కుర్చీలో కూర్చుంది. కూర్చోవడంతోనే అనేసింది.

"సాయంత్రం దాకా చూద్దాం. వాన తగ్గేట్టుంది."

అంతే. తలకాయలు ఊగాయి. వకీలు, "అదే మంచిది, ఊరికే జనాన్ని తిప్పలు పెట్టడమెందుకు," అన్నాడు. బల్ల చివర టైలరమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోరు మూసుకుని, మెడలో టేపు వేలికి చుట్టుకుంది. ఫోనులోంచి వాన చప్పుడు వచ్చింది, తర్వాత ఆయన గొంతు వచ్చింది.

"చైర్మన్ గారూ, మీరేమంటారు? సాయంత్రం దాకానా?"

"సాయంత్రం దాకా," అంది వదిన.

"సరే. మీ నిర్ణయం," అన్నాడు.

సాయంత్రం కాలేదు. పిల్లలింకా బడిలోనే ఉన్నారు, పెద్దవాళ్లు పనుల్లో ఉన్నారు. వాన నిజంగానే తగ్గింది. నేను తడి కాగితాలు ఆరబెడుతుంటే పెద్ద లారీలోంచి కంకర దించినట్టు చప్పుడైంది. ఎక్కడో రోడ్డు పని అనుకున్నాను. తర్వాత ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చారు.

వీధిలో చాలా ఇళ్లలోకి కిటికీల ఎత్తున బురద వచ్చింది. మనుషులు తప్పించుకున్నారు. వీధి చివర, గుట్టను ఆనుకుని ఉన్న సైకిల్ షాపు కనిపించలేదు. షాపు ఉన్నచోట మట్టి, రాళ్లు, మట్టిలోంచి సగం బయటికి వచ్చిన ఒక చక్రం. జనం చేతులతో తవ్వారు, పారలతో తవ్వారు. దొరికినప్పుడు చేతిలో గాలి కొట్టే పంపు ఉందని ఎవరో అన్నారు, లేదని ఇంకెవరో అన్నారు. నేను చూడలేదు. వదిన చూసింది.

"అదృష్టం, ఒక్కడే పోయాడు." ఆ తర్వాత ఊళ్లో ఎటు తిరిగినా ఈ మాటే. ఊరడించడానికి మా ఇంటికి వచ్చినవాళ్లు కూడా గుమ్మం దిగగానే అదే అనుకుంటూ వెళ్లారు. ఒక్కడే. ఆ ఒక్కడూ మా అన్నయ్య. ఆ మాట అన్నవాళ్ల నోళ్లన్నీ నొక్కేయాలనిపించింది నాకు. వదినకు ఏమనిపించిందో తెలీదు. ఆవిడ ఏడవలేదు. పనులన్నీ ముగిశాక షాపు తెరిచి కౌంటరు వెనక కూర్చుంది. అడిగినవాళ్లకు అడిగిన మందులిచ్చింది. ఎవరూ ఎగతాళి చేయలేదు. ఎవరూ అసలు కళ్లెత్తి చూడలేదు.

మీరేమంటారు గారు రోడ్డు తెగినచోట బస్సు దిగి నడిచి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. ఆఫీసు వరండాలో నన్ను చూసి ఆగిపోయాడు. నేను ఒంటికాలి మీద లేచాను.

"మీకు తెలుసు కదా సార్! గుట్ట వస్తుందని మీకు తెలుసు!"

"తెలీదమ్మా. భయం వేసింది."

"భయం వేసినవాళ్లు ఆ ముక్క నోటితో చెప్పాలి కదా! ఖాళీ చేయించండి అని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది?"

ఆయన స్తంభానికి ఆనుకున్నాడు. "అంటే వినేవాళ్లు. అందుకే అనలేదు. నేను ఇంతకుముందు పనిచేసిన ఊళ్లో అన్నీ నేనే చెప్పేవాణ్ని. నేను వచ్చేశాక అక్కడ నీళ్ల పైపు పగిలితే ఎవరూ వాల్వు మూయలేదు. నా ఫోను వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నారు. ఊరంతా మునిగింది."

"ఇక్కడ పగిలింది పైపు కాదు సార్."

ఆయన తలొంచుకున్నాడు. "వరసలో అడగమని గుర్తు చేయాల్సింది," అన్నాడు. "అది నా పని. టైలరమ్మ గారిని నేను అడగలేదు. చైర్మన్ గారినే అడిగాను." కళ్లజోడు తీశాడు కానీ తుడుచుకోలేదు, చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఇంకా చాలా అనాలని ఉంది. తిరిగి ఆఫీసులోకి వెళ్లిపోయాను.

విచారణకు రాజధాని నుంచి ఒక పెద్దాఫీసరు వచ్చింది. చీవాట్లు పెడుతుందనుకుని అందరం బిక్కచచ్చి కూర్చున్నాం. ఆవిడ చాలా మంచిగా మాట్లాడింది. మీరేమంటారు గారు లేచి, తప్పు తనదని, అడగవలసిన తీరులో అడగలేదని చెప్పాడు. ఆవిడ విని, వదిన పక్కకు వచ్చి కూర్చుంది.

"ఇంత బరువు మీ మీద ఉండకూడదమ్మా. ఇంత చిన్న ఊరు మోసే బరువు కాదిది. ఇకనుంచి గుట్ట సంగతి మాకు వదిలేయండి. వాన వస్తే ఏం చేయాలో మా ప్రత్యేకాధికారి చెబుతాడు, మీరు చేస్తే చాలు. కౌన్సిలు ఆ మేరకు ఒక తీర్మానం చేసి పంపండి."

వకీలు మొహం వెలిగిపోయింది. తీర్మానం తనే రాసి తెస్తానన్నాడు. వదిన వచ్చే సమావేశానికి పెడతామని చెప్పింది.

ఆ రోజు ఇంటికి వచ్చాక వదిన అన్నయ్య చొక్కాలు మడతపెడుతూ కూర్చుంది. మడతపెట్టినవి విప్పి మళ్లీ మడతపెడుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"ఇచ్చేద్దామే," అంది. "ఖాళీ అనో, ఉండమనో, ఆ మాట మళ్లీ నా నోటితో అనలేను. ఎవరో ఒకరు చెబుతారు, చేసేద్దాం. రేపు ఏమైనా నా వల్ల కాదనుకోవచ్చు."

"ఇచ్చేయ్ వదినా," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ కుర్చీ కూడా వదిలేయమన్నాను. ఊరు ఎలా పోతే మనకేం అన్నాను. వదిన చొక్కా గుండెలకు అదుముకుంది.

సమావేశం రోజు తెల్లవారకముందే వాన మొదలైంది. నేను ఆఫీసుకు వెళ్లీ వెళ్లగానే డాబా ఎక్కాను. నీళ్లు ఎర్ర గీత మీద ఉన్నాయి. కిందికి వచ్చి చెప్పాను. వకీలు రాసి తెచ్చిన తీర్మానం బల్ల మీద ఉంది. ఇంకా ఎవరూ సంతకం పెట్టలేదు. అంటే గుట్ట ఇంకా మాదే.

మీరేమంటారు గారు ఈసారి ముందు రోజే వచ్చి ఊళ్లో ఉన్నాడు. ఆయన లేచి నిలబడ్డాడు. మా సమావేశంలో ఆయన నిలబడి మాట్లాడటం అదే మొదలు.

"చైర్మన్ గారూ, ఖాళీ చేయించేయండి. నేను చెబుతున్నాను. ఏం జరిగినా బాధ్యత నాది."

అందరి ప్రాణం కుదుటపడింది. వకీలు అప్పుడే లేవబోయాడు. నేను సైరను గది తాళాలు చేతిలోకి తీసుకున్నాను.

"కూర్చోండి," అంది వదిన. "సార్, అలా కాదు. అడగండి."

"ఏం అడగమంటారు?"

"ఎప్పుడూ అడిగేదే. టైలరమ్మ దగ్గర్నుంచి."

"వదినా, టైమెక్కడుంది!" అన్నాను నేను, ఆఫీసని కూడా మర్చిపోయి.

"ఎంతసేపే? ఆ రోజు అడిగి ఉంటే ఎంతసేపు పట్టేది?" ఆవిడ ఆయన వైపే చూస్తోంది. "మీరు చెబితే చేసేస్తాం సార్. మంచే జరుగుతుంది. కానీ అప్పుడది మీ మాట అవుతుంది. ఆ రోజు మాట నాది. మా ఆయన్ను తీసుకుపోయిన మాట నాదే. ఈ రోజు మాట ఇంకొకరిది కాకూడదు. అడగండి."

ఆయన బల్ల చివరి వైపు తిరిగాడు. "టైలరమ్మ గారూ, మీరేమంటారు?"

"ఖాళీ చేద్దామండి," అంది టైలరమ్మ. వెంటనే భోరుమంది. "ఆ రోజు కూడా అదే అందామనుకున్నాను చైర్మన్ గారూ. మీరు అనేశాక ఇంకేమంటానని..."

"తెలుసు," అంది వదిన. "నువ్వు నోరు తెరవడం చూశాను. చూసి తల తిప్పుకున్నాను. మళ్లీ నవ్వుతారని."

ఆ గదిలో ఎవరికీ తలెత్తే ధైర్యం లేకపోయింది. ఆయన వరసలో ఒక్కొక్కరినీ అడిగాడు. ఖాళీ, ఖాళీ, ఖాళీ. వకీలు వంతు వచ్చినప్పుడు తన కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, ఖాళీ అన్నాడు. చివర వదిన. ఆవిడ కళ్లు మూసుకుని, "ఖాళీ చేయిద్దాం," అంది. నేను రాసుకుని సైరను గదికి పరుగెత్తాను.

వదిన గొడుగు లేకుండానే గుట్ట కింద వీధికి వెళ్లింది. ప్రతి ఇంటి తలుపూ తనే తట్టింది. ఈసారి ఎవరూ ఎందుకని అడగలేదు. మంచాన ఉన్నాయన్ను ఎత్తుకునే కుర్రాళ్లు ముందే సిద్ధంగా ఉన్నారు. వీధి చివరికి వచ్చాం. షాపు ఉన్నచోట మట్టి తీసేసి చదును చేశారు. అక్కడ తట్టడానికి తలుపు లేదు. వదిన ప్రతి గుమ్మం ముందూ నిలబడినట్టే అక్కడా నిలబడింది, లోపలి మనిషి చెప్పులు వేసుకుని బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ నిలబడింది. నేను పిలవలేకపోయాను. టైలరమ్మ వచ్చి చేయి పట్టుకుని తీసుకొచ్చింది.

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. గుట్ట కదల్లేదు. హైస్కూలు కిటికీలోంచి చూస్తే కడిగిన గిన్నెలా శుభ్రంగా, నిమ్మళంగా నిలబడి ఉంది. వదిన గది గదికీ తిరిగి ఎవరికి ఏ మందు వేళైందో చూసుకుంది. మీరేమంటారు గారు ఒక మూల నీళ్ల బిందెలు మోస్తున్నాడు. అంతా సర్దుకున్నాక వదిన పెద్ద గది గుమ్మంలో నిలబడి గట్టిగా, అందరికీ వినిపించేలా చెప్పింది.

"గుట్ట రాలేదు."

ఎవరూ నవ్వలేదు. "మంచి పని చేశారమ్మా," అన్నాడు ఒకాయన. "మీ చలవ తల్లీ," అంది ఒక ముసలావిడ. అందరూ బెంచీల మీద బుద్ధిగా కూర్చుని ఆవిడ వైపు మర్యాదగా చూస్తున్నారు.

వదిన ఇంకాసేపు అలాగే నిలబడింది. ఎదురుచూస్తున్న మనిషిలా ఉంది. తర్వాత నా చేయి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"ఒక్కళ్లయినా ఏమీ అనరేమే?" అంది. "బస్సు తప్పిందా అని ఒక్కళ్లయినా అడగరేమే?"

నేను అడుగుదామనుకున్నాను. అన్నయ్య అన్నట్టే అందామనుకున్నాను. అనలేకపోయాను. వదిన నా భుజం మీద తల వాల్చి, పోయిన మనిషి కోసం మొదటిసారి, స్కూలంతా వినిపించేలా ఏడ్చింది. లోపల బెంచీల మీద ఎవరూ కదల్లేదు. ఆవిడ ఏడుపు ఆగేదాకా నేను అలాగే పట్టుకుని నిలబడ్డాను.